పేరు పక్కన అక్షరం

ఇంగ్లండు ఈశాన్య తీరాన హార్టిల్‌పూల్ రేవులో ఒక పాత యుద్ధనౌక తేలుతూ ఉంటుంది. పేరు ట్రింకోమలీ. మూడు తెరచాప కొయ్యలు, నలుపు తెలుపు పట్టీల ఒళ్ళు, వరసగా ఫిరంగి కిటికీలు. యూరప్‌లో ఇప్పటికీ నీటి మీదున్న యుద్ధనౌకల్లో ఇంతకంటే పాతది లేదు. అది పుట్టింది బొంబాయిలో. మేముండే మిడిల్స్‌బరో నుంచి అక్కడికి కారులో అరగంట దూరం. అయినా ఇక్కడి మనవాళ్ళలో దాన్ని చూసినవాళ్ళు తక్కువ. అందుకే వేసవి సెలవులకు మా అక్క రాజమండ్రి నుంచి కొడుకును తీసుకుని వచ్చినప్పుడు, లండన్ సంగతి తర్వాత, ముందు ఈ ఓడ చూపించి తీరాలనుకున్నాను.

నానిగాడికి పన్నెండు నిండాయి. ఆరో తరగతి నుంచి విజయవాడ పక్కన రెసిడెన్షియల్ స్కూల్లో చదువుతున్నాడు. మొదట్లో కాస్త బెంగపడ్డా తర్వాత సర్దుకున్నాడని అక్క ఫోన్లో చెబుతూ ఉండేది. నెలనెలా సున్నుండలు చేసుకుని, బస్సులో అంత దూరం వెళ్ళి వాడి చేతిలో పెట్టి వచ్చే మనిషి మా అక్క. వాడు బాగా చదువుతాడు. ఇక్కడికి వచ్చినా పొద్దున్నే పరీక్ష పేపరు ఒకటి చేశాకే టిఫిను. మా హాసిని వాడికంటే రెండేళ్ళు చిన్నది. అన్నయ్య వచ్చాడని దాని కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

దారిలో కారులోనే మొదలుపెట్టాను. నెపోలియన్ యుద్ధాలతో ఇంగ్లండులో ఓక్ కలప కరువైంది. బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ ఓడల రేవు ఉంది, మలబారు అడవుల టేకు ఉంది, వాటికి మించి వాడియాలున్నారు. సూరత్ నుంచి 1736లో బొంబాయి వచ్చిన పార్సీ వడ్రంగి లవ్‌జీ నుస్సర్‌వాన్‌జీ సంతతి వాళ్ళు. తరతరాలుగా ఓడలు కట్టడమే పని. ఆ కుటుంబపు జంషెట్‌జీ బొమన్‌జీ చేతుల మీదుగా ట్రింకోమలీ తయారైంది. పార్సీల ఆచారం ప్రకారం, ఓడ అడుగున నిడివంతా సాగే దూలంలో మొదట ఒక వెండి మేకు దిగగొట్టారు. 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దించారు.

అసలు ఇంకా ముందే మొదలు కావలసింది. లండన్ నుంచి ఓడ నమూనా పటాలు పంపారు. వాటిని తెస్తున్న జావా అనే ఓడను 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికా వాళ్ళ కాన్‌స్టిట్యూషన్ పట్టుకుని తగలబెట్టింది. పటాలు పోయాయి. మళ్ళీ పంపించారు. ఆ కాన్‌స్టిట్యూషన్ కూడా బోస్టన్ రేవులో ఇప్పటికీ తేలుతూనే ఉంది. పటాలు పోగొట్టిన ఓడా, ఆ పటాలతోనే తర్వాత పుట్టిన ఓడా రెండూ బతికి ఉండడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

"అంటే ఇది మనదా పిన్నీ, వాళ్ళదా?" అన్నాడు నాని.

"చెయ్యి మనది, జెండా వాళ్ళది" అన్నాను. అంతకంటే సరైన జవాబు నాకు తెలియదు.

సముద్రపు గాలి కొడుతున్న మధ్యాహ్నం ఓడెక్కాం. మాతో వచ్చిన గైడు బాగా వయసు మళ్ళినాయన. కుర్రతనంలోనే సరుకు ఓడలెక్కాడట. మేం భారతీయులమని తెలియగానే పక్కనున్న దూలం తట్టి చూపించి, ఓక్ అయితే ఈపాటికి ఇందులో ఎంత మిగిలేదో అన్నాడు. ఓక్‌లోని పులుపు ఇనుప మేకులను తినేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది, పురుగునూ అంత తేలిగ్గా రానివ్వదు. బాగు చేయించడానికి 1987లో ఈ రేవుకు తెచ్చారు. ఆ పని ముగిసేసరికి 2001 వచ్చింది. అన్నేళ్ళు పట్టినా కలపలో ఎక్కువ భాగం బొంబాయిలో వేసినదే ఉంచగలిగారు. రెండు వందల ఏళ్ళ నాటి టేకు మీద అక్క అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడింది. మా నాన్నగారు ఇల్లు కట్టించినప్పుడు టేకు గుమ్మం కోసం పడిన తంటాలు మా ఇద్దరికీ గుర్తే.

పిల్లలకు టేకు పట్టలేదు. ఫిరంగుల వరస దగ్గరికి పరిగెత్తారు. ఒక్కో ఫిరంగి దగ్గర ఎంతమంది పనిచేసేవారో, గుండు పేలితే ఫిరంగి ఎంత వేగంగా వెనక్కి తన్నేదో గైడు అభినయించి చూపించాడు. అడుగున ఉన్న మందు గదిలో నిప్పురవ్వ పుట్టకూడదని మెత్తటి చెప్పులతో నడిచేవారట. దీపం కూడా ఆ గదిలో పెట్టరు. పక్క గదిలో వెలిగించి, అద్దం గుండా వెలుగు రానిస్తారు. ఆ మందు సంచులను యుద్ధం మధ్యలో మెట్లెక్కి ఫిరంగి దాకా మోసేది ఎవరో తెలుసా అని అడిగి, హాసిని ఎత్తును చేత్తో కొలిచి, నాని భుజం తట్టాడు.

"మీ వయసు పిల్లలు."

నెపోలియన్ యుద్ధాల నాటికి పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు ఓడల్లో ఉండేవారు. ట్రఫాల్గర్ యుద్ధంలో విక్టరీ ఓడ మీద పన్నెండేళ్ళవాడున్నాడు. ఆ యుద్ధాన్ని నడిపిన నెల్సన్ కూడా పన్నెండేళ్ళకే నౌకాదళంలో చేరాడు. ఈ ఓడ తిరిగిన రోజులకు వయసు పద్నాలుగు, పదిహేనుకు పెరిగింది, అంతే. పొట్టిగా ఉంటారు, దూలాలకు తల తగలకుండా పరిగెత్తగలరు, అందుకే ఆ పని వాళ్ళకిచ్చేవారని ఆయన చెబుతుంటే అప్పటిదాకా అటూ ఇటూ గంతులేస్తున్న నాని ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"వాళ్ళను పొద్దున ఎన్నింటికి లేపేవారు?"

వాడి ఇంగ్లీషు చక్కగా, స్పష్టంగా ఉంది. అక్క మొహం వెలిగింది.

రోజును నాలుగేసి గంటల కాపలాలుగా విడగొట్టేవారని, అరగంటకోసారి గంట కొట్టేవారని ఆయన చెప్పాడు. తెల్లవారుజామున నాలుగింటికి కాపలా మారుతుంది. వెలుగు రాకముందే డెక్కు కడగడం మొదలవుతుంది.

"నాలుగింటికా!" అని అరిచింది హాసిని. నాని తల ఊపాడంతే.

కింది అంతస్తుకు దిగాం. తల వంచకుండా నడవడానికి లేదు. పైన దూలాల కొక్కేలకు కాన్వాసు ఉయ్యాలలు వేలాడుతున్నాయి. మనిషికి ఇచ్చే చోటు 14 అంగుళాలు. సగం మంది కాపలాలో ఉంటారు కాబట్టి, పక్క ఉయ్యాల ఖాళీ అయితే కాస్త ఒళ్ళు కదిపే వీలుంటుంది. నేను మూర వేసి చూపించాను, మూర కంటే తక్కువే. అక్క ఒక ఉయ్యాల అంచు పట్టుకుని, "ఇందులోనా, ఇంతేసి పిల్లలు! ఏ గుండెతో పంపారే కన్నవాళ్ళు" అంది నాతో. ఆమెకు కళ్ళ నీళ్ళు తొందరగా వస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే.

అక్క అన్నది ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వలేదు. లండన్‌లో 1756లో మెరైన్ సొసైటీ అని ఒకటి పెట్టారనీ, పేదింటి పిల్లలకు బట్టలు కుట్టించి ఓడలకు పంపేదనీ చెప్పాడు. "పిల్లలంటే ఇష్టం లేక పంపలేదమ్మా. అక్కడైతే తిండి దొరుకుతుంది, క్రమశిక్షణ వస్తుంది, ముందు ముందు వాళ్ళ బతుకు బాగుంటుందనుకునే పంపారు."

"అయినా సరే" అంది అక్క.

నాని ప్రశ్నలు ఆగలేదు. ఉయ్యాలలో పడుకున్నాక మాట్లాడుకోనిచ్చేవారా? జ్వరమొస్తే పని తప్పేదా? ఇంటికి ఉత్తరం రాసేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడేవారా? ఈ చివరి ప్రశ్నకు ముసలాయన ఒక్క క్షణం వాడి వైపు చూశాడు. చాలామంది పిల్లలకు రాయడం రాదు కాబట్టి, రాయగలిగిన ఇంకొకడి చేత రాయించుకోవలసిందే, అలా చూస్తే పక్కన ఎవరో ఒకరు ఉన్నట్టేనని చెప్పాడు. అక్క నా చెవిలో, "చూశావా, ఎంత లోతుగా ఆలోచిస్తాడో! వాళ్ళ స్కూల్లో ఎలా అడగాలో నేర్పుతారు" అంది. నాకూ ముచ్చటేసింది. చరిత్ర అంటే రాజులూ తేదీలూ అనుకోకుండా మనుషుల గురించి అడిగే పిల్లలు అరుదు.

తప్పు చేస్తే ఏం చేసేవారన్న ప్రశ్న కూడా వచ్చింది. పెద్దవాళ్ళకు తొమ్మిది తాళ్ళ కొరడా, అదీ ఓడలో అందరినీ పిలిచి నిలబెట్టి. పిల్లలనైతే ఫిరంగి గొట్టం మీద బోర్లా వంచి బెత్తంతో కొట్టేవారు. హాసిని చెవులు మూసుకుని నా వెనక చేరింది. ఇక చాలన్నట్టు నేను చూసిన చూపు ఆయనకు అర్థమైంది. మాట మార్చి, ట్రింకోమలీ మొదటి ప్రయాణంలో సెయింట్ హెలీనా దీవి దగ్గర ఆగిందనీ, అప్పటికి నెపోలియన్ ఆ దీవిలోనే ఖైదీగా ఉన్నాడనీ చెప్పాడు. ఇంగ్లండు చేరాక యుద్ధాలు లేక 1847 దాకా ఊరికే పడి ఉంది. ఆ తర్వాత 1852 నుంచి 1857 దాకా పసిఫిక్ మహాసముద్రంలో తిరిగింది.

"అయిదేళ్ళు. అప్పుడు ఎక్కిన కుర్రాడు దిగేసరికి మీసాలొచ్చిన మగాడు. వాళ్ళమ్మ గుర్తుపట్టి ఉండదు" అన్నాడు.

అక్క నాని తల దగ్గరికి తీసుకుని జుట్టు సవరించింది. వాడు ఆ చేతి కింద అలాగే నిలబడి ఇంకో ప్రశ్న అడిగాడు.

"మధ్యలో ఎవరూ పారిపోలేదా?"

"ఎందుకు పారిపోరు!" ముసలాయనకు మళ్ళీ హుషారొచ్చింది. కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతోందన్న కబురుతో ఆ తీరంలో ఓడలు దిగి పరారైనవాళ్ళకు లెక్కే లేదట. అందుకే చాలామంది కెప్టెన్లు రేవులో ఉన్నా ఒడ్డుకు దిగనిచ్చేవారు కాదు. ఓడలో అందరి పేర్లూ రాసే హాజరు పుస్తకం ఉంటుంది. పారిపోయినవాడి పేరు పక్కన ఇంగ్లీషు అక్షరం 'ఆర్' రాసి పెట్టేవారు. ఆ ఒక్క అక్షరంతో వాడికి రావలసిన జీతమంతా పోయినట్టే.

"దొరికితే?"

"కొరడా."

"దొరక్కుండా ఇంటిదాకా వెళ్ళిపోతే?"

ఆయన చేతులు నడుం మీద పెట్టుకుని ఆలోచించాడు. పిల్లవాడు అడిగిన దేన్నీ తేలిగ్గా తీసుకోని మనిషి.

"ఆ సంగతి ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు బాబూ. కానీ చెప్పగలను. పన్నెండేళ్ళ కొడుకు రాత్రివేళ తలుపు కొడితే ఏ తల్లయినా లోపలికి లాక్కుని గడియ పెట్టేస్తుంది. రాజుగారి మనుషులొచ్చి అడిగినా మా ఇంటికి రాలేదనే చెబుతుంది."

"చెప్పదూ మరి!" అంది అక్క, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

నాని ఆమె వైపు చూడలేదు. ఆయన అన్ని ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పాడు కదా, తనకు తెలిసినది కూడా ఆయనకు చెప్పాలన్నట్టు, అదే స్పష్టమైన ఇంగ్లీషులో చెప్పాడు.

"మా అమ్మ వేడి అన్నం పెట్టింది. నాకిష్టమని గుడ్డు కూడా వేసింది. నేను తినేలోపు కారు పిలిపించి, తెల్లారేసరికి మళ్ళీ హాస్టల్లో దింపేసింది."