పరమార్థాన్వేషికి సోమందేపల్లె సన్మాన పత్రం

మహాశయా!

శాలువా హిందూపురంలో కొన్నాం. పత్రానికి ఫ్రేము కూడా అక్కడే కట్టించాం. సోమందేపల్లెలో పుట్టి, బెంగళూరులో ఇంజనీరై, అపార్టుమెంటు పన్నెండో అంతస్తు దాకా ఎదిగి, నలభైకి దగ్గరపడుతుండగా ‘అసలు నేనెందుకు పుట్టాను?’ అని నోరు తెరిచి అడిగిన తొలి వ్యక్తి మీరేనని మా కమిటీ తేల్చింది. అంతకుముందు ఈ ఊళ్లో ఎవరూ ఆ మాట అనలేదా అంటే, అన్నారు. చెనిక్కాయ పూత మీదుండగా వాన ముఖం చాటేసిన ప్రతి ఏడూ ‘ఏం బతుకప్పా ఇది’ అన్నవాళ్లు వీధికి పదిమంది. కాని వాటిని ప్రశ్నల కింద జమ కట్టలేం. ఆ మాట అనేసి, తువ్వాలు దులుపుకుని, ఎనుములకు మేత వేయడానికి లేచిపోయారు. జవాబు కోసం సెలవు పెట్టినవాడు ఒక్కడూ లేడు.

మీరు పెట్టారు. అదీ జీతంతో కూడిన సెలవు.

రెండు రుతుపవనాలూ దూరం నుంచే దణ్ణం పెట్టి పోయే చోటిది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఇక్కడివాళ్లు తలెత్తి ఆకాశం కేసి చూస్తే మేఘం కోసమే చూస్తారు. అదే ఆకాశంలో మీకు ఇంకేదో కనబడిందంటే, చదువుకున్న కళ్లు ఊరికే పోవు.

నిజానికి పరమార్థం మా ఊరికి ఎప్పుడూ కాస్త ఇవతలే మలుపు తిరిగిపోయేది. బెంగళూరు నుంచి 44వ నంబరు హైవే మీద వచ్చేవాళ్లలో పుట్టపర్తి భక్తులు కొడికొండ చెక్‌పోస్టు దగ్గరే కుడికి తిరుగుతారు. నేరుగా సోమందేపల్లె మీదికి వచ్చేవి లారీలు. 2023 సంక్రాంతికి చిక్కబళ్లాపుర దగ్గర 112 అడుగుల ఆదియోగి విగ్రహం వెలిశాక, బెంగళూరు వాళ్లకు ఆంధ్రా బార్డరు దాటే శ్రమ కూడా తప్పింది. జ్ఞానానిదీ అదే దారి. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరు మీద 8,800 ఎకరాలకు పైగా రాసిచ్చారు. భూములు పోయాయి, కేసులు వచ్చాయి, జ్ఞానం మాత్రం ఇంకా దారిలో ఉంది. ఇంతమంది దాటిపోయిన ఊరి నుంచి మీలాంటి జిజ్ఞాసువు పుట్టుకు రావడం మా అదృష్టం.

ముందుగా మీ మౌనాన్ని పొగడాలి. మూడు రోజుల మౌన శిబిరానికి వెళ్లి, ఫోను లాకర్లో పెట్టి, ఎవరితోనూ పలక్కుండా వచ్చారట. ఆ మూడు రోజులూ మీ అమ్మగారు ఫోను చేస్తూనే ఉన్నారు. పెద్ద విషయమేం కాదు, కంటి ఆపరేషనుకు తేదీ ఇచ్చారు, తోడు ఎవరన్నా రావాలన్నారు. చివరికి పక్కింటి ఆవిడ వెళ్లింది. శిబిరంలో కొత్తవాళ్లు రెండో రోజుకే మాటలకు మొహం వాచిపోతే మీరొక్కరే చెక్కు చెదరలేదని విన్నాం. ఇంటివాళ్లతో ఏళ్ల తరబడి చేసిన అభ్యాసం ఎక్కడికి పోతుంది!

ఇక మా వాళ్ల మొద్దుతనం గురించి చెప్పుకోకపోతే మీ ఎత్తు తెలియదు. పుట్టపర్తి పేరెత్తి చూడండి. విభూతి, మహిమల దగ్గర నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఈ రోజుకూ కొట్టుకుంటారు. నీళ్ల మాట ఎత్తితే మాత్రం కొట్లాట లేదు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు నీళ్లిచ్చింది. ఇక్కడి ఆడవాళ్లు బాబాను ఎందుకు తలుచుకుంటారని అడిగితే, సగం మంది బిందె పట్టుకున్నట్టు చెయ్యి చూపించి చెబుతారు. భగవంతుణ్ణి కొళాయి దగ్గరే ఆపేసిన జనం! మీరు ఆ దశ ఎప్పుడో దాటారు. ‘సేవ అనేది మొదటి మెట్టు మాత్రమే’ అని మీరు ఒక పెళ్లి భోజనాల దగ్గర సెలవిచ్చారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టకుండా ఏడో మెట్టు మీద కనబడటం అందరి వల్లా అయ్యే పని కాదు.

మీ గురుభక్తి సంగతి. ఒకాయన దగ్గర శ్వాస పట్టారు, ఇంకొకాయన దగ్గర చక్రాలు, ఆ తరువాత జపాను ఇకిగాయ్. ఈ గురువుల విద్య మాకు బొత్తిగా తెలియనిది కాదు. ఇక్కడ బోరు వేయించాలంటే ముందు పాయింటు చూసే మనిషి రావాలి. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని గట్టు వెంబడి నడుస్తాడు. నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుందని నమ్మకం. కొందరు వేపపుల్ల పంగ పట్టుకుంటారు. అక్కడ రాయి పెట్టి, పసుపు కుంకుమ వేసి, టెంకాయ కొడతారు. రాత్రికి తిరుచెంగోడు బోరు లారీ దిగుతుంది. లెక్క అడుగుల్లో. తెల్లటి రాతిపిండి లేచి చుట్టూ నిలబడినవాళ్ల మీసాల మీద, కనురెప్పల మీద పేరుకుంటుంది. మూడొందలు, ఆరొందలు, వెయ్యి అడుగులు. ఆ ఇంటి ఆడమనిషి పిండి చారెడు తీసుకుని వేళ్లతో నలిపి చూస్తుంది, తడి తగులుతుందేమోనని. తగలకపోతే ఎవరూ నోరెత్తరు. లారీవాడు అడుగుల లెక్కన డబ్బు తీసుకుని, రాడ్లు సర్దుకుని పోతాడు.

లోతుకు డబ్బు అన్న సూత్రం మీ గురువులదీ అదే. కాని మా పాయింటాయన ఎంత వెనుకబడినవాడో చూడండి. పక్క ఊళ్లోనే కాపురం. నీళ్లు పడకపోతే సంతలో ఎదురుపడతాడు, తల దించుకుంటాడు, చొక్కా పట్టుకున్న రోజులూ ఉన్నాయి. మీ గురువుగారికి ఆ తలనొప్పి లేదు. వేదికకూ మీకూ నడుమ రెండొందల వరసల కుర్చీలు. మీకు పరమార్థం పడలేదంటే పాయింటు తప్పని ఎవరూ అనరు, మీ భూమే మంచిది కాదంటారు. మీరు వినయంగా ఒప్పుకుని పై కోర్సుకు డబ్బు కట్టారు. ఇంత పెద్ద మనసున్న రైతు మా మండలంలో ఒక్కడున్నా బోరు లారీలు ఈపాటికి బంగారు రాడ్లు వాడేవి.

చదువులోనూ మీకు సాటి లేదు. నాజీ శిబిరాల్లోంచి ప్రాణాలతో బయటపడిన విక్టర్ ఫ్రాంకల్ 1946లో రాసిన పుస్తకాన్ని మీరు విమానంలో చదివారు. జీవితానికి అర్థమేమిటని మనిషి అడగడం కాదు, జీవితమే మనిషిని అడుగుతూ ఉంటుంది, జవాబు చెప్పాల్సింది మనిషే అన్నది ఆయన వాదన. ఆ పేజీలో మీరు పసుపు రంగు గీత గీశారు. పుస్తకం మూసి, మళ్లీ మీరే అడిగారు.

కదిరి వైపు కటారుపల్లెలో వేమన సమాధి ఉంది కదా, ఆయనా ఈ ప్రశ్న అడిగినవాడే. 1829లో బ్రౌను దొర ఆయన పద్యాలు అచ్చు వేయించిన దగ్గర్నుంచి లోకమంతా మెచ్చుకుంటోంది గాని, మీ పక్కన నిలబెడితే వేమనకు అడగడం రాదని ఒప్పుకోవాలి. అడిగినప్పుడల్లా ఎదురుగా ఉన్న మనిషికి తగిలేలా అడిగేవాడు. దొంగగురువుకు తగిలింది, లోభికి తగిలింది, కులం చూసుకుని మురిసేవాడికి తగిలింది. మూడు వంతులు శత్రువులే. మీరు ఇన్నేళ్లుగా అడుగుతున్నారు, మీ ప్రశ్న వల్ల ఒక్క ప్రాణికి చిన్న గీరుడైనా పడలేదు. మీ ఆఫీసులో ఎవరి ఉద్యోగమో అన్యాయంగా ఊడినప్పుడు కూడా మీరు విశ్వం గురించే ఆలోచిస్తూ కూచున్నారట. అహింస అంటే అది.

చివరగా త్యాగం. 2017లో కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరి, ఎర్రమంచి దగ్గర పని మొదలై, హైవే పక్క నేల ధర ఎగిరింది. 2019లో మొదటి కారు బయటికొచ్చింది. పెనుకొండ దారిలో కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. భూమి మీద మమకారం బంధహేతువని మీకు తెలిసిందీ ఆ రోజుల్లోనే. మీ నాయన చేసిన ఐదెకరాల చెనిక్కాయ చేను వదులుకున్నారు. తొందరపడి కాదు, ధర ఇంకొంచెం పెరిగేదాకా ఆగి, నిదానంగా వదులుకున్నారు. ఇప్పుడక్కడ ఆనందం పేరుతో ఒక కమాను, కమాను లోపల ప్లాట్లు, ప్లాట్ల నడుమ ధ్యానం చేసుకోవడానికంటూ ఒక గుండ్రటి మంటపం ఉన్నాయి. దాంట్లో ప్రస్తుతానికి మేకలు పడుకుంటున్నాయి. చలనం లేని మనసు వాటిది, మీరు చూస్తే సంతోషిస్తారు.

ఒక్క చిన్న చిక్కు ఉంది. ఆ చేనును పన్నెండేళ్లు గుత్తకు చేసినాయన అప్పటికే ఆ ఏటి గుత్త డబ్బు కట్టేశాడు. కాయలు వలిపించి విత్తనం సిద్ధం చేసుకున్నాడు. పదును కోసం చూస్తుంటే చేలో కొలత రాళ్లు కనబడ్డాయి. ‘అమ్ముకోవడం వాళ్లిష్టంలేప్పా, మనదా ఏమన్నానా? నా గుత్త దుడ్డు సంగతి ఒక మాట అడగాల, అంతే’ అంటున్నాడు. మీ నంబరుకు చాలాసార్లు చేశాడు. మీరు ధ్యానంలో ఉన్నారు. ‘నీది లౌకికమైన ప్రశ్న, ఆయనది జనన మరణాల ప్రశ్న, రెండూ ఒక సభలో కుదరవు’ అని మేం నచ్చజెప్పాం. తల ఊపాడు.

కాబట్టి మీ వీలు చూసి తేదీ చెప్పండి. సభ బడి ఆవరణలో. ఉగ్గాని, బజ్జీ ఏర్పాటు చేశాం, ఓళిగలు కూడా ఉంటాయి. ప్రశ్నలకు సమయం ఉండదని కరపత్రంలోనే వేశాం. గుత్తాయన కూడా వస్తానన్నాడు, పెద్దమనిషి గనుక ముందు వరసలో కుర్చీ వేశాం. మీకు వేసే గజమాల ఖర్చు తనే పెట్టుకుంటానని పట్టుబట్టాడు. వద్దన్నా వినలేదు. ఆ దండ డబ్బులు కూడా బాకీలో కలుపుకుంటాడట.