సెల్ఫ్ కొట్టే శాస్త్రం

అవుకులో నాపరాళ్ల లోడు ఎత్తించారు. పొద్దెక్కకముందే తాడిపత్రి చేరాలి. తాళం తిప్పితే పాత పికప్ ‘టక్’ మని ఊరుకుంది. కంగారుపడి కిందికి దిగకండి. మొదట చేయాల్సింది తాళాన్ని ఇంకోసారి తిప్పడం. అప్పటికీ కాకపోతే ఇంకా గట్టిగా తిప్పడం. చేతి బలాన్ని బట్టి బ్యాటరీలో కరెంటు పుడుతుందన్నది తరతరాల డ్రైవర్ల నమ్మకం.

సెల్ఫును పది సెకన్లకు మించి పట్టి ఉంచొద్దనీ, మధ్యలో అర నిమిషమన్నా చల్లారనివ్వాలనీ మెకానిక్కులు చెబుతారు. లోడు అందించే తొందర వాళ్లకేముంది? మీరు ఆపకుండా కొట్టండి. బ్యాటరీలో మిగిలిన కాస్త ప్రాణం కూడా పోయాక లోపం ఎక్కడుందో వెతికే పని తప్పుతుంది.

ఈలోగా జనం చేరతారు. ఉగ్గాని తింటున్నవాళ్లు ప్లేటుతో సహా వస్తారు. “ప్లగ్గు తీసి తుడువన్నా” అని మొదట చెప్పేవాడికి మోటారుసైకిలు ఉంటుంది. మీది డీజిల్ బండి, దానికి స్పార్క్ ప్లగ్గే ఉండదు. సిలిండర్లో గాలిని సుమారు 20వ వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇంజిన్ నీరసంగా తిరిగితే ఆ వేడి పుట్టదు. ఈ సంగతి విడమరిచి ఆయన మనసు నొప్పించకండి, తర్వాత తోసేటప్పుడు ఒక మనిషి తగ్గుతాడు. రెండో ఆయన “హీటర్ ప్లగ్గు పోయింటాది” అంటాడు. అది చలికి బిగుసుకున్న ఇంజిన్‌ను వెచ్చబెట్టే సామాను. నంద్యాల జిల్లాలో, మే నెలలో, దాన్ని అనుమానించడానికి గుండెధైర్యం కావాలి.

మూడో ఆయన దిష్టి అంటాడు. ముందు కట్టిన నిమ్మకాయ ఎండిపోయిందని సాక్ష్యం కూడా చూపిస్తాడు. నిజమే, ఎండింది, మార్చండి. బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడి మాత్రం ఎవరి కంటా పడదు. కరెంటుకు అడ్డం ఆ పొడే. మైనస్ వైరు ముందు విప్పి, వేడినీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగిస్తే ‘టక్’ జబ్బు చాలాసార్లు అక్కడే కుదురుతుంది. కానీ ఖర్చు లేకుండా బాగైపోతే ఇంతమంది పెద్దలు చెప్పిన సలహాలకు విలువేముంది? బ్యాటరీలో నీళ్లు తగ్గాయని పక్కనే ఉన్న రిజర్వాయరు వైపు క్లీనరును పంపకండి. అక్కడ 4 టీఎంసీలు పట్టినా, బ్యాటరీకి కావలసింది అంగట్లో దొరికే డిస్టిల్డ్ వాటరే.

సెల్ఫ్ గిర్రున తిరిగి కూడా ఇంజిన్ అందుకోలేదంటే కథ వేరు. సైలెన్సర్ దగ్గర ఒకర్ని నిలబెట్టండి. తెల్లపొగ వస్తే డీజిల్ చేరుతోంది గానీ మండడం లేదు. పొగే రాకపోతే డీజిల్ చేరడం లేదు. అప్పుడు ముల్లు చూసి ట్యాంకులో డీజిల్ ఉందని వాదించండి. ఆ ముల్లు మీరు బండి కొనకముందు నుంచీ సగం దగ్గరే ఉందన్నది వేరే విషయం. డీజిల్ నిజంగానే ఉంటే, లైన్లో గాలి పట్టింది. శ్రీశైలం నీళ్లు కొండను తొలిచిన సొరంగాల్లోంచి అవుకుకు వచ్చి, గండికోట దాకా పోతున్నాయి. మీ డీజిల్ మాత్రం ట్యాంకు నుంచి పంపు దాకా నాలుగు మూరల పైపులో రాలేకపోయింది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతిపంపు కొడితే గాలి పోతుంది. పాత బండైతే ఇంకోటి చూడాలి. రాత్రి ఇంజిన్ ఆపడానికి లాగిన స్టాపర్ ఇంకా బయటికే ఉందేమో. దీన్ని అందరికంటే చివర, మెకానిక్ వచ్చాక, ఆయనే లోపలికి నెట్టేలా చూసుకోవడం మర్యాద.

ఏదీ కాకపోతే తోయించడమే. రెండో గేరు, క్లచ్ తొక్కి, బండి కాస్త వేగం అందుకోగానే ఒక్కసారిగా వదలాలి. ముందు తాళం ఆన్ చేయాలి. దాన్ని మరిచి సగం వీధి తోయించిన తర్వాత గుర్తుతెచ్చుకోవడం మన ఆచారం. నాపరాళ్లు దించకుండా తోయమంటే మాత్రం సొంత బావమరిది కూడా ఫోను వచ్చిందని పక్కకు పోతాడు.

ఎనిమిదేళ్లు దాటిన సరుకుల బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ పొద్దు మటుకు ఇదే బండి ఒక్క సెల్ఫుకే మోగుతుంది, పక్కింటాయన బ్యాటరీ అరువు తెచ్చి బిగించి ఉంటారు కాబట్టి. సాయంత్రం అది తిరిగిచ్చేయండి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం విప్పకండి, ఆల్టర్నేటర్ పోతుంది. తోసినవాళ్లకు టీ ఇప్పించండి, రేపు పొద్దున కూడా వాళ్లే రావాలి.