ఆజ్ఞ పాటించండి, కాగితం చూపించండి

మహారాజశ్రీ టెలికాం కంపెనీల యాజమాన్యం వారి దివ్యసముఖమునకు,

విషయం: నెట్ బంద్ అయిన రోజుల్లో తమరు పాటించే మౌనవ్రతం గురించి.

ఆర్యా,

ఒక ఊళ్ళో గొడవ మొదలవుతుంది. కాసేపటికి ఫోన్లలో డేటా ఆగిపోతుంది. జనం ముందు ఫోన్ స్విచాఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తారు. ఆ తర్వాత సిమ్ ఊడదీసి, చొక్కా అంచుకు తుడిచి పెడతారు. ప్యాక్ అయిపోయిందేమోనని కూడా చూసుకుంటారు. లోపం తమ ఫోన్‌లోనే ఉందని ముందుగా అనుకోవడం మన చందాదారుల సంస్కారం. ఈలోగా రేషన్ డిపోలో ఈ-పోస్ మిషన్ వేలిముద్ర పట్టదు, కిరాణా కొట్లో సౌండ్ బాక్స్ నోరు మెదపదు. ఇదంతా ఎవరి ఉత్తర్వు మీద, ఏయే మండలాల్లో, ఎన్నాళ్ళ పాటు జరుగుతోందో ఆ వేళ ఖాయంగా తెలిసినవాళ్ళు ఇద్దరే: ఉత్తర్వు ఇచ్చిన హోం శాఖ, దాన్ని అందుకున్న తమరు. హోం శాఖను కోర్టులు అప్పుడప్పుడైనా నిలదీస్తున్నాయి. తమర్ని అడిగే నాథుడే లేడు కనుక ఈ లేఖ.

తమరి జవాబు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. "ప్రభుత్వం ఆదేశించింది, మేం పాటించాం." 2011 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం ఫోన్లూ ఇంటర్నెట్టూ ఆపించినప్పుడు వొడాఫోన్ చెప్పిందీ ఇదే: అలా ఆదేశించే అధికారం అక్కడి చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది, మేం కట్టుబడక తప్పదు అని. కొన్నాళ్ళకే ప్రభుత్వం తన అనుకూల సందేశాలను అదే నెట్‌వర్క్ మీదుగా జనం ఫోన్లలోకి పంపించింది. అవి మేం రాసినవి కావని కంపెనీ నిరసన చెప్పుకోవలసి వచ్చింది. ఆ సెగ తగిలాక, హక్కుల సంఘాలు వెంటపడ్డాక, ఎక్కువగా యూరప్‌కు చెందిన కొన్ని కంపెనీలు 2013లో భావ ప్రకటన, గోప్యతల మీద ఉమ్మడి సూత్రాలు ప్రకటించాయి. 2014లో వొడాఫోన్ 29 దేశాల్లో ప్రభుత్వాలు తనను ఏమేం అడుగుతున్నాయో చెబుతూ నివేదిక అచ్చువేసింది. ఆ కంపెనీలు ప్రభుత్వాలను ధిక్కరించలేదు. ఏం చేయమన్నారో చెప్పాయి, అంతే. మేము అడిగేదీ అంతే.

తమర్ని చట్టం మీరమనడం మా ఉద్దేశం కాదు, పూర్తిగా పాటించమంటున్నాం. ఇంటర్నెట్ ఆపడానికి 2017లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఉత్తర్వు ఇవ్వవలసింది కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి. దాన్ని ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి లిఖితపూర్వకంగా గానీ, సురక్షితమైన ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ తమకు అందజేయాలి. తీసుకోవడానికి తమ వైపు నోడల్ అధికారి ఉండాలి. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కింది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకూ, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకూ రాజ్యాంగ రక్షణ ఉందనీ, గడువు లేకుండా ఆపడం కుదరదనీ, ఉత్తర్వులను ప్రచురించి తీరాలనీ చెప్పింది. అదే ఏడాది నియమాలను సవరించి ఒక్కో ఉత్తర్వుకు 15 రోజుల గరిష్ఠ గడువు పెట్టారు. టెలిగ్రాఫ్ చట్టం పోయి కొత్త టెలికాం చట్టం వచ్చాక, 2024లో తెచ్చిన నియమాలు కూడా ప్రచురణ తప్పదనే అంటున్నాయి. అంటే ప్రతి బంద్‌కూ ఒక కాగితం, దాని మీద ఒక సంతకం, ఒక కారణం, ఒక హద్దు, ఒక గడువు ఉండాలి. దాని ప్రతి ఒకటి తమ బల్ల మీదికి వస్తుంది. అందులో హోం కార్యదర్శి సంతకం లేకపోతే తమరేం చేస్తున్నారు? నియమాలు వచ్చాక కూడా చాలాచోట్ల కలెక్టర్లు 144 సెక్షన్ చేతబట్టి నెట్ ఆపించారు. ఆ ఆదేశాలు అందుకున్నవాళ్ళు "ఇది మీ అధికారమేనా?" అని అడిగిన దాఖలా జనానికి కనబడలేదు.

రహస్యం బయటపెడితే లైసెన్సు పోతుందని తమరు భయపడవచ్చు. ఆ భయం ఉత్తదేమీ కాదు. 2014 నివేదికలో భారత్ దగ్గరికొచ్చేసరికి, ఫోన్ల నిఘా ఆదేశాల లెక్క వెల్లడించడం చట్టవిరుద్ధమని వొడాఫోన్ రాసుకుంది. అయితే నిఘా వేరు, బంద్ వేరు. ఒకరి ఫోన్ వింటున్న సంగతి దాచమని చట్టం అంటే అన్నదేమో గానీ, లక్షల మంది నెట్ ఆపిన ఉత్తర్వును బయట పెట్టమనే చట్టం చెబుతోంది. ప్రచురించవలసింది ప్రభుత్వం, మేం కాదంటారా? ప్రభుత్వం ప్రచురించిన రోజున తమరు దాని లింకు పెడితే చాలు. ప్రచురించని రోజున, ఫలానా తేదీన ఉత్తర్వు అందింది, ఇంకా ప్రచురణ కాలేదు అని ఒక ముక్క రాస్తే చాలు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. స్పెక్ట్రమ్ వేలంలో తమరు కొనుక్కున్నది వాడుకునే హక్కు. యజమాని ఇంకా మేమే.

లెక్కలు కట్టడం తమకు చేతకాదని మాత్రం ఎవరూ అనలేరు. 2021 డిసెంబరులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ బంద్‌ల మీద నివేదిక ఇస్తూ, దేశంలో ఎన్నిసార్లు నెట్ ఆపారో టెలికాం శాఖ దగ్గరా హోం శాఖ దగ్గరా రికార్డే లేదని తప్పుపట్టింది. అదే సంఘానికి టెలికాం కంపెనీల సమాఖ్య ఒక అంకె సమర్పించింది: నెట్ ఆగితే ఒక్కో సర్కిల్‌లో గంటకు రూ.2.45 కోట్ల నష్టం. గంట లెక్కన నష్టం చెప్పగలిగినవారికి ఎన్ని గంటలు ఆగిందో తెలియకపోదు. ఆ పట్టికను బయటపెట్టే పని మాత్రం స్వచ్ఛంద సంస్థల నెత్తిన పడింది. 2024లో భారత్‌లో 84 బంద్‌లు జరిగాయని యాక్సెస్ నౌ అనే అంతర్జాతీయ సంస్థ చెబితే గానీ మనకు తెలియలేదు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి నెట్ లేదు. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునేవాళ్ళు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకు పోయారని అప్పట్లో పత్రికలు రాశాయి. అప్పుడు ఏ మండలంలో ఎప్పుడు ఆపి ఎప్పుడు వదిలారో నిమిషాలతో సహా తమ సర్వర్లలో ఉండే ఉంటుంది.

వదంతులతో తలలు పగులుతుంటే హక్కులేమిటని అడిగేవారున్నారు. కొన్ని గంటలు ఆపక తప్పని సందర్భం ఎక్కడో ఉండొచ్చు, కాదనను. కానీ ఆపడం వల్ల గొడవ తగ్గిందా లేదా అని ప్రభుత్వం అధ్యయనం చేయలేదని ఆ స్థాయీ సంఘమే ఎత్తిచూపింది. కాశ్మీర్‌లో 2019 ఆగస్టులో పోయిన 4జీ తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఏడాదిన్నర పాటు బతికే వదంతి ఏదో మాకు తెలియదు. పైగా ఉత్తర్వు ప్రతి చూపించినంత మాత్రాన ఎవరూ రాయి విసరరు. నెట్ ఎందుకు పోయిందో తెలియకపోవడమే ఒక వదంతి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మయన్మార్ నుంచి వస్తుంది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక, సగానికి పైగా వాటా నార్వే ప్రభుత్వానిదైన టెలినార్ కంపెనీ తనకు వచ్చిన ఆదేశాలను వెబ్‌సైట్‌లో పెడుతూ వచ్చింది. రెండు వారాలైనా గడవకముందే, ఇక వెల్లడించడం సాధ్యం కాదని చెప్పి ఆపేసింది. జులైలో అక్కడి వ్యాపారాన్నే అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. చూశారా, నిజం చెప్పినవాడు దేశం వదిలిపోయాడు అనవచ్చు తమరు. నేను అక్కడే ఇంకో సంగతి చూస్తాను. ఆ అమ్మకం మీద 474 మయన్మార్ పౌర సంఘాలు నార్వేలో ఫిర్యాదు చేశాయి. వెళ్ళిపోతే పోండి, మా కాల్ వివరాలు సైన్యానికి దగ్గరివాళ్ళ చేతిలో పెట్టి పోకండి అన్నది వాళ్ళ గోడు. మౌనంగా ఉన్న కంపెనీ మీద ఆ మాత్రం ఫిర్యాదు చేయడానికైనా ఆధారం దొరికేది కాదు. అక్కడ తుపాకీ ఉంది, సైనిక పాలన ఉంది. అయినా దాదాపు రెండు వారాలు చెప్పారు. ఇక్కడ కోర్టులున్నాయి, చెప్పమనే నియమం ఉంది. అయినా ఉత్తర్వు చూపించే అలవాటు లేదు.

కనుక మనవి ఏమిటంటే, ఉత్తర్వు అందగానే దాని నంబరు, తేదీ, హద్దులు, గడువు తమ వెబ్‌సైట్‌లో పెట్టండి. డేటా ఆపే ముందు ఒక ఎస్సెమ్మెస్ ఇవ్వండి. ప్యాక్ అయిపోతోందని ముందు నుంచే పదేపదే గుర్తుచేసే తమకు అదేమీ కొత్త విద్య కాదు. 28 రోజుల ప్యాక్‌లో తమరు ఆపిన రోజులను వ్యాలిడిటీకి కలపండి. ఏడాదికోసారి సర్కిల్‌వారీగా గంటల లెక్క ఇవ్వండి. జవాబు మార్కెటింగ్ విభాగం నుంచి కాకుండా, ఆ కాగితాలు అందుకునే నోడల్ అధికారి సంతకంతో రావాలని కోరుతూ,

ఇట్లు,
ఒక ప్రీపెయిడ్ చందాదారు