జిల్లేడు బిడ్డ చెప్పిన కథ

నేను పుట్టింది కర్నూలు పొలిమేరలో, ఓ చేను గట్టున జిల్లేడాకు అడుగున. రథసప్తమినాడు మీరు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తారే, ఆ ఆకే. ముందు నా గుడ్డు పెంకు తిన్నాను, తర్వాత ఆకు తిన్నాను. పశువులు మూతి పెట్టని ఆ ఆకు పాలలో గుండెను పట్టేసే విషం ఉంటుంది. దాన్నే ఒంట్లో దాచుకుని పెరిగాను. నెల తిరక్కుండా రెక్కలొచ్చాయి. నారింజ రంగు, కొసల్లో నలుపు, ఆ నలుపులో తెల్లని పట్టీ. నన్ను ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక అంటారు.

నా కుడి రెక్క అంచున కోసుగా ఓ గాటు ఉంది, చూడండి. ఓ పిట్ట కరిచి, చేదు తగిలి వదిలేసిన గుర్తు అది. నా ఒళ్లు తోలులా గట్టిది కనుక బతికాను. మళ్లీ ఏ పిట్టా నా జోలికి రాలేదు.

ఇప్పుడు కాలేజీ జువాలజీ ల్యాబులో, అద్దం పెట్టెలో, నాఫ్తలీన్ వాసన మధ్య ఉన్నాను. పక్కనే ఎప్పుడో ఆల్ప్స్ కొండల నుంచి వచ్చిన అపోలో సీతాకోకచిలుక. మా ఇద్దరికీ 1758లో ఒకే పుస్తకంలో ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ పేర్లు పెట్టాడు. అంతకుమించి మాకు పోలికే లేదు. నాకు నడిచే కాళ్లు నాలుగే, ముందు రెండూ కుదించుకుపోయి రొమ్ముకు అంటుకున్నాయి. దానికి ఆరూ ఉన్నాయి. దాని రెక్కల అంచులు ఎంత పల్చనంటే, అడుగున పరిచిన కాగితం కనిపిస్తుంది. రెక్కల మొదళ్ల దగ్గర మాత్రం మసి నలుపు, ఒంటినిండా నూగు. నా నలుపు పిట్టలకు హెచ్చరిక. దాని నలుపు చలిలో ఎండను పీల్చుకోవడానికి. పొద్దున రెక్కలు పరిచి ఒళ్లు కాగనిస్తే గాని అది ఎగరలేదు. ఎవరైనా మీదికొస్తే వెనక రెక్కల ఎర్రని కళ్లు చూపించి, కాళ్లతో రెక్క గీరి బుస కొడుతుంది.

దానికి ఏడాదికి ఒక్కటే తరం. గుడ్డు శీతాకాలమంతా ఆగుతుంది, పురుగు వసంతంలో రాళ్ల మధ్య సీడమ్ మొక్కలు తింటుంది. నాకైతే దున్నని గట్టు, నాలుగు జిల్లేళ్లు చాలు. దానికి ఎండపడే రాతి వాలే కావాలి. పొదలు కమ్మేస్తే సీడమ్ పోతుంది, దాంతో అదీ పోతుంది. ఐరోపాలో చాలాచోట్ల అలాగే పోయింది. పోలండ్‌లోని ప్యెనిని కొండల్లో మాత్రం 1990లలో మనుషులు పురుగులను పెంచి వదిలారు, చెట్లు తొలగించి రాళ్లకు ఎండ తగలనిచ్చారు. అపోలో అక్కడ మళ్లీ ఎగురుతోంది.