పునర్నిర్మాణ సూత్రానికి ‘ఊపిరిపట్టు’ వ్యాఖ్య

అవతారిక

ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమని దణ్ణం పెట్టి ఊరుకుందామంటే, దీన్ని పలికేవాళ్లందరూ జీతాలు తీసుకునే పురుషులే. ఏ దేశంలో ఏ జట్టు ఓడినా, చెమట ఆరకముందే ఒకాయన మైకు ముందు కూర్చుంటాడు. వెనక అట్ట నిండా ప్రకటనల ముద్రలు. ఆయన గొంతు సవరించుకుని ఈ వాక్యం సెలవిస్తాడు. అది గాలివాటున మా కంకిపాడు దాకా వచ్చి మా మేనల్లుడి నోట్లో కాపురం పెట్టింది. తెలుగు టైటాన్స్ కబడ్డీలో ఓడిన ప్రతి రాత్రీ వాడు, “మావయ్యా, నీకు తెలీదు, టీము రీబిల్డింగులో ఉంది” అంటాడు. మూడు సీజన్లు ఓపిక పట్టాను. మొత్తం 66 ఆటలు: గెలుపులు 5, సమానాలు 5, ఓటములు 56. ఒకే వాక్యాన్ని 56 సార్లు విన్నవాడికి టీక రాసే అధికారం దానంతటదే వస్తుంది.

మూలం

“జట్టు పునర్నిర్మాణ దశలో ఉంది. ప్రక్రియను నమ్మండి.”

పాఠాంతరం: “ప్రాసెస్‌ను ట్రస్ట్ చేయండి” అని కొన్ని ప్రతుల్లో ఉంది. అదే ప్రాచీన పాఠం. అమెరికాలో ఫిలడెల్ఫియా బాస్కెట్‌బాల్ జట్టు అభిమానుల నినాదం అది. 2015-16లో ఆ జట్టు 82 ఆటల్లో 72 ఓడింది. నమ్మమని అడగడానికి అంతకు మించిన సందర్భం ఏముంటుంది?

వ్యాఖ్య

మన మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి తన వ్యాఖ్యలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష, జీవాతువు అని పేర్లు పెట్టుకున్నాడు. చెడ్డ వ్యాఖ్యల విషం ఎక్కి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడం ఆయన పని. నేను దీన్ని ‘ఊపిరిపట్టు’ అన్నాను. కూతకు వెళ్లినవాడు 30 సెకన్లు ఊపిరి బిగబడితే చాలు, చూసేవాడు సీజనంతా బిగబట్టాలి. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆ మహానుభావుడు ప్రతిజ్ఞ చేశాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం నా వల్ల కాదు.

‘జట్టు’, ‘ఉంది’: సుగమం. నిజానికి ‘జట్టు’ అంత సుగమం కాదు, కానీ దాని సంగతి చివర్లో.

‘పునర్నిర్మాణం’: పునః, నిర్మాణం అని విరుపు. విసర్గ రేఫగా మారింది. ఇక్కడ శంక. ‘పునః’ అనాలంటే అంతకుముందు ఒక నిర్మాణం ఉండాలి గదా? ఉంది. 2015లో టైటాన్స్ మూడో స్థానంలో నిలిచింది, 2016లో సెమీఫైనల్ ఆడింది. రాహుల్ చౌదరి కూతకు బయల్దేరితే టీ బంకులో గ్లాసులు కింద పెట్టేవాళ్లు. ఆ ఇల్లు ఎలా కూలిందన్నది మూలకారుడు చెప్పడు. ‘పునః’ అనే మాటలో ఉన్న సుఖం అదే. కూల్చినవాడెవడో చెప్పనక్కర్లేదు, మళ్లీ కట్టేవాడి పేరు మాత్రం శిలాఫలకం మీదికి ఎక్కుతుంది. కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా బతికే మాకు ఈ అవ్యయంతో బాగా పరిచయం.

‘దశ’: జ్యోతిషంలో ప్రతి దశకూ గడువుంది. శని మహాదశ 19 ఏళ్లు, శుక్రుడిది 20, రవిది 6. ఎంత చెడ్డ దశ అయినా ఫలానా ఏడు పోతుందని పంతులుగారు వేళ్ల మీద లెక్కేసి చెబుతారు. పునర్నిర్మాణ దశకు మాత్రం ఏ పంచాంగకర్తా గడువు రాయలేదు. మంచు హాకీలో బఫెలో జట్టు 2011-12 నుంచి 2024-25 దాకా వరసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్ గడప తొక్కలేదు. రాముడి అరణ్యవాసం సరిగ్గా అంతే, కానీ ఆయనకు తిరిగొచ్చే తేదీ ముందే తెలుసు.

ఈ మాట వెనకున్న లెక్క మంచు హాకీలో బాగా కనిపిస్తుంది కాబట్టి కాసేపు అక్కడ ఆగాలి. ఉత్తర అమెరికా హాకీ లీగులో 1963 నుంచి డ్రాఫ్ట్ అనే ఏర్పాటుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను ఏటా వరసలో నిలబెట్టి జట్లు ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. మొదట ఎంచుకునే హక్కు అడుగున ఉన్న జట్టుకు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని మనం సామెతగా చెప్పుకున్నదాన్ని వాళ్లు చట్టం చేసి పెట్టుకున్నారు. దాంతో కడబంతిలో చోటు కోసం తోపులాట మొదలైంది. 1984లో పిట్స్‌బర్గ్ జట్టు అట్టడుగున నిలిచి మారియో లెమ్యూ అనే కుర్రాణ్ని పట్టుకుంది. కావాలనే అడుగుకు దిగారని లోకం గుసగుసలాడింది. 1991లో, 1992లో ఆ కుర్రాడితోనే కప్పు గెలిచారు. లోకం నోరు మూసుకుని తనూ అడుగుకు దిగడం నేర్చుకుంది. విసిగిపోయిన లీగు 1995 నుంచి లాటరీ పెట్టింది. ఇప్పుడు 14 బంతులు గిరగిర తిప్పి 4 బయటికి తీస్తారు. మా క్లబ్బుల్లో ఆడే తంబోలాకి పెద్దన్నయ్య అనుకోండి. ఇంతా చేసి, ఎడ్మంటన్ జట్టు 2010, 2011, 2012 మూడేళ్లూ మొదటి కుర్రాణ్నే ఎంచుకుని కూడా 2017 దాకా ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. కోడెలు మూడూ మేలుజాతివే కావచ్చు, అరక కట్టేవాడూ ఉండాలి గదా.

ఇదే డ్రాఫ్టులో నాకు ప్రాణప్రదమైన ఉపాఖ్యానం ఒకటుంది. అప్రస్తుతమే, అయినా చెబుతాను. 1974లో బఫెలో మేనేజరు పంచ్ ఇమ్లాక్‌కు ఫోన్లో గంటల తరబడి సాగే ఈ తంతు మీద ఒళ్లు మండింది. 183వ పేరుగా తారో త్సుజిమోతో అనే జపాన్ ఆటగాణ్ని, టోక్యో కటానాస్ జట్టువాణ్ని, ఎంచుకుంటున్నామన్నాడు. లీగు వాళ్లు రాసుకున్నారు. ఆ మనిషీ లేడు, ఆ జట్టూ లేదు. కొన్నాళ్లకు గుట్టు రట్టయి ఎంపిక కొట్టేశారు. ఆలోచించి చూడండి. తర్వాత వందలమంది నిజం ఆటగాళ్ల పేర్లు జనం మరిచిపోయారు, పుట్టనివాడి పేరు మాత్రం కంకిపాడులో కూర్చున్న నాకు కూడా తెలుసు. కల్పించిన పాత్రే నిలుస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

ఎక్కడున్నాం? ఆ, ‘ప్రక్రియ’.

‘ప్రక్రియ’: ఇది వైయాకరణుల సొంత సొత్తు. ధాతువును తీసుకుని, ప్రత్యయం చేర్చి, సూత్రం తర్వాత సూత్రం నడిపి, చివరికి సిద్ధరూపం చూపిస్తే అది ప్రక్రియ. మధ్యలో జరిగేవి మూడే: ఆగమం, ఆదేశం, లోపం. ఆగమం మిత్రుడిలాగా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువులాగా వచ్చి ఉన్నదాన్ని లేపి ఆ చోట కూర్చుంటుంది. లోపం వస్తే ఉన్నది కాస్తా మాయం. జట్టు భాషలో కొన్నవాడు ఆగమం, మార్చినవాడు ఆదేశం, వదిలేసినవాడు లోపం. 2019లో సిద్ధార్థ్ దేశాయ్ 1.45 కోట్ల ఆగమం. ఫలం, పదకొండో స్థానం. 2023లో పవన్ సెహ్రావత్ 2 కోట్ల 60 లక్షల 50 వేల ఆగమం. ఫలం, పన్నెండో స్థానం, ఆడిన జట్లు కూడా పన్నెండే. ప్రక్రియ ప్రతి ఏడూ శాస్త్రోక్తంగానే నడిచింది. సిద్ధరూపం ఒక్కటే రాలేదు. మా గురువుగారి దగ్గర ఇలా రూపం సాధించలేక సూత్రాలు వల్లెవేస్తే తొడపాశం పెట్టేవారు, నమ్మమని అడిగే అవకాశం ఇచ్చేవారు కాదు.

ఇక అసలు శంక. మా బాబాయ్ వరసయ్యే పెద్దాయన ఒకరున్నారు, జీవితమంతా సంతల్లో ఎద్దుల బేరాలు చేసిన మనిషి. ఆయనకు ఒకరోజు ఈ డ్రాఫ్టు సంగతి విప్పి చెప్పాను.

“అయితే ఓడిపోటం లాభమే గందరా?”

“ఆ దేశంలో లాభమే బాబాయ్. అందుకే ఓడతారు.”

“మరి మనోళ్లు ఓడితే ఏవిస్తారు?”

“ఏమీ ఇవ్వరు. ఇక్కడ డ్రాఫ్ట్ కాదు, వేలం. మొదటివాడికీ చివరివాడికీ ఒకే సంచి, 5 కోట్లు.”

ఆయన చుట్ట పక్కన పెట్టి, “మరెందుకు ఓడారు?” అన్నారు.

ఈ ప్రశ్నకు సమాధానం నా వ్యాఖ్యలో లేదు. మూడేళ్లు అడుగున కూర్చున్నా ఒక్క కుర్రాడి మీద కూడా తొలి హక్కు దక్కని చోట, అడుగున కూర్చోవడాన్ని పునర్నిర్మాణం అనడం కుదరదు. ఫలం మీద హక్కు లేకుండా కర్మ చెయ్యమన్నాడు గీతాకారుడు. ఆ లెక్కన ఇది శుద్ధ నిష్కామ పరాజయం. 2008 ఐపీఎల్‌లో చిట్టచివరన నిలిచిన డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు ఎత్తింది. మధ్యలో ఆ జట్టు ఏ దశలో ఉందో అడిగే తీరిక కూడా ఎవరికీ చిక్కలేదు.

‘వేలం’ మూలంలో లేని పదం, అయినా వదలను. పోర్చుగీసు ‘లెయిలావ్’ నుంచి వచ్చిందని పండితులంటారు. ఓడల మీద దిగిన మాటే అయితే, మా ఊళ్లోంచి పోయే రోడ్డు చివర ఉన్న బందరు రేవులోనే దిగి ఉంటుందని నా ఊహ, ప్రమాణం అడగొద్దు. పరాయి మాటను తెచ్చుకుని దానికి మనం ‘వెర్రి’ తగిలించి వేలంవెర్రి అన్నాం. ఒక్క సమాసంతో ఆటగాళ్ల వేలం మొత్తానికి వ్యాఖ్య ముగించిన జాతి మనది.

బాబాయ్ సంతలో అరుపులుండేవి కావు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపేవాళ్లు. ధర వేళ్ల మీద నడిచేది, పక్కవాడికి తెలిసేది కాదు. ముందు ఎద్దు నోరు తెరిచి పళ్లు చూడాలి. తర్వాత సుడి ఎక్కడుందో చూడాలి. తర్వాత నడిపించి గిట్టలు చూడాలి. అన్నిటికంటే చివర, అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో కనుక్కోవాలి. ఇవాళ్టికీ మా వైపు సంక్రాంతికి బండలాగుడు పోటీలు పెడితే రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని విడదీస్తారు. కబడ్డీ వేలంలోనూ ఏ, బీ, సీ, డీ అని నాలుగు విభాగాలున్నాయి, 30 లక్షల నుంచి 9 లక్షల దాకా కనీస ధరలు. తేడా ఒక్కటే. బాబాయ్ ధర చూసి ఎప్పుడూ ఎద్దును కొనలేదు, ఎద్దును చూసి ధర చెప్పేవారు.

ఆయన మాట తప్పు కాదని టైటాన్సే నిరూపించింది. 2024లో కొత్త కోచ్ క్రిషన్ కుమార్ హుడా వచ్చాడు. విజయ్ మాలిక్‌ను 20 లక్షలకు తెచ్చుకున్నారు. అదే ఏడు 22 ఆటల్లో 12 గెలిచి ఏడో స్థానానికి ఎగబాకారు. అప్పుడు ప్లేఆఫ్స్ చేరింది ఆరు జట్లే. 2025లో అదే మాలిక్ నాయకుడయ్యాడు, జట్టు రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. ఆ రాత్రి మా మేనల్లుడు రీబిల్డింగ్ అనలేదు. ఏడ్చాడు. నాకు వాడి మీద గౌరవం కలిగింది.

ఇప్పుడు ‘జట్టు’. 2025లో కోచ్ హర్యానా. మాలిక్ హర్యానా. కూతల్లో పాయింట్లు కుప్పపోసిన భరత్ హుడా హర్యానా. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, బాగా ఆడినవాడు ఎక్కడివాడైనా మనవాడే. కానీ హర్యానా పల్లెల్లో మట్టి కోర్టుంది, పొద్దున్నే లేపే ఉస్తాదున్నాడు, పెద్ద పోటీకి పంపే దారుంది. ‘తెలుగు’ అనే విశేషణం ముందు పెట్టుకున్న జట్టులో తెలుగు కూత వినడానికి చెవులు రిక్కించాల్సి వస్తోంది. మల్లినాథుడు చూస్తే, విశేషణం విశేష్యానికి అన్వయించడం లేదని అక్కడే కలం ఆపేవాడు.

అన్వయించకపోవడానికి కారణం మా ఊళ్లోనే కనిపిస్తుంది. మా చిన్నప్పుడు కంకిపాడు చుట్టుపక్కల చెడుగుడు ఆడని వీధి లేదు. వరి కోసిన చేలో ఆడదామంటే మినుము చల్లి ఉంటుంది, అడుగు పెడితే రైతు ఊరుకోడు. అందుకని చెరువుగట్టు పక్క ఖాళీ జాగాలో ఆడేవాళ్లం. ఆ జాగాలు ఇప్పుడు వెంచర్లు. పిల్లలు ప్లాటు రాళ్ల మధ్య గీతలు గీసుకుని ఆడుతుంటే కాపలావాడు వచ్చి తరుముతున్నాడు. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. మన లెక్కలో సుమారు 155 గజాలు. 36 అడుగులకు 50 అడుగుల బిట్టు, అంటే రెండొందల గజాలు, ఒక కోర్టుకు సరిపోగా పక్కన కూర్చోడానికీ చోటు మిగులుతుంది. ఇన్ని వందల ప్లాట్లలో ఒక్కటి. పునర్నిర్మాణం కాదు, ముందు నిర్మాణం అడుగుతున్నాను.

తాత్పర్యం

ఓడిపోయాం. కారణం చెప్పం.

విన్నపం

జట్ల యజమానులారా, వచ్చే వేలానికి వెళ్లేముందు ఒక్క సంక్రాంతికి కంకిపాడు రండి. కుర్రాళ్లను పరిగెత్తించి చూడండి, పట్టు చూడండి, కూత వినండి. బాబాయ్ ఉన్నారు, సుడి చూసి చెబుతారు. తువ్వాలు మేమే ఇస్తాం.