బాల్కనీకొక ఉష్ణగుండం

కోకాపేట, నార్సింగి, గండిపేట వైపు లేస్తున్న టవర్ల బ్రోషర్లలో బాల్కనీకొక జకూజీ ప్రత్యక్షమైన తరువాత, హైదరాబాదు సంపన్న గృహస్థుడు చెంబుతో నీళ్లు పోసుకోవడం ఇక మర్యాద కాదని తేలిపోయింది. 2023 నాటి కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరా 100.75 కోట్ల రూపాయలు పలికిన నేల మీద ప్లాస్టిక్ బకెట్టు పెట్టడం ఆ నేలకే అగౌరవమన్న వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. అందుచేత హాట్ టబ్, అంటే నీటిని విద్యుత్తుతో వేడిచేసి, పంపుతో తిప్పి, గాలి కలిపి సన్నని నాజిళ్ల గుండా ఒంటి మీదికి చిమ్ముతూ, స్నానం ముగిశాక కూడా ఆ నీటిని పారబోయకుండా నెలల తరబడి నిలవ ఉంచే తొట్టి, ఇప్పుడు గృహప్రవేశానికి కావలసిన అర్హతలలో చేరింది. ఆ నీటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ మించరాదన్నది అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ పెట్టిన హద్దు. మే నెల మధ్యాహ్నం హైదరాబాదు గాలి ఏ హీటరు సాయమూ లేకుండానే ఆ హద్దును చేరుకోగలదు గనుక, బయటి ఎండకూ లోపలి నీటికీ భేదం తెలియని అద్వైత స్థితి ఈ నగరవాసికి ఫ్లాటుతో పాటే రిజిస్టరు అవుతుంది.

ఈ తొట్టికి మూలపురుషులైన జకూజీ సోదరులు ఇటలీ నుండి కాలిఫోర్నియాకు వలసవెళ్లి మొదట విమానాలు తయారుచేశారు. 1921లో తమ విమానం కూలి నలుగురు మరణించాక ఆ పని మాని వ్యవసాయపు పంపుల వైపు మళ్లారు. ఆ ఇంటి పసివాడికి రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, అంటే దేహపు రోగనిరోధక శక్తే కీళ్ల మీద తిరగబడే జబ్బు, వచ్చినప్పుడు వాడి నొప్పి తగ్గించడానికి స్నానపు తొట్టిలో దించే చిన్న పంపును కనిపెట్టారు. 1968లో ఆ కుటుంబమే పంపునూ తొట్టినీ ఒకటిగా చేసి అమ్మకానికి పెట్టింది. కదలలేని బిడ్డ కోసం పుట్టిన పరికరం ఇక్కడ కీళ్లన్నీ సలక్షణంగా ఉన్నవారి సెల్ఫీ కోసం అమ్ముడుపోతోంది.

కొనుగోలులో అసలు విచారణ జరిపేది ఇంజినీరు కాదు, వాస్తు సిద్ధాంతి. వాస్తు లెక్కలో నీటికి ఈశాన్యం, నిప్పుకు ఆగ్నేయం, బరువుకు నైరుతి, గాలికి వాయవ్యం నిర్ణయమైన మూలలు. ఈశాన్యం తేలికగా పల్లంగా, నైరుతి భారంగా ఎత్తుగా ఉండాలి, ఇంటి నడుమనున్న బ్రహ్మస్థానం ఖాళీగా ఉండాలి. బావికీ పొయ్యికీ బీరువాకూ తగవు రాకుండా తరతరాలుగా కాపాడుకొచ్చిన ఈ పంపకంలోకి, నీళ్లు నింపుకొని, నిప్పు రగిల్చుకొని, గాలి ఊదుకుంటూ, టన్నున్నర బరువుతో ఒకే ఒక వస్తువు వచ్చి కూర్చుంది. ఈశానుడు, అగ్ని, నిరృతి, వాయువు నలుగురూ సరిసమానంగా దావా వేయదగిన ఆస్తి ఇంతకు ముందెన్నడూ ఏ గృహస్థుడి ఇంటా పుట్టలేదు.

నీటికి పెద్దరికమిచ్చి తొట్టిని ఈశాన్యంలో పెడితే అక్కడ బరువు దోషం అంటుకుంటుంది. దానికి విరుగుడు నైరుతిలో అంతకు మించిన బరువు పెట్టడమే గనుక, తర్కాన్ని చివరిదాకా లాగితే, ప్రతి ఫ్లాటులోనూ ఎదురు మూలలో రెండు టన్నుల రాతి ఏనుగు నిలబడవలసి ఉంటుంది. బరువుకు పెద్దరికమిచ్చి నైరుతికి తెస్తే అది యజమాని పడకగది; నిప్పుకు పెద్దరికమిచ్చి ఆగ్నేయానికి తెస్తే అది వంటిల్లు, అక్కడ పులుసు ఉడుకుతుండగా పక్కనే ఇంటాయన ఉడకడం చూడముచ్చటగా ఉండదు. బిల్డరు బాల్కనీని ఏ దిక్కున కట్టి పెట్టాడో తొట్టికి అదే దిక్కు కనుక, సిద్ధాంతిగారు చివరకు దానిని కదపలేక, హీటరు స్విచ్చును మాత్రం ఆగ్నేయం వైపు జరిపించి, సంభావన పుచ్చుకొని శాంతిస్తారు.

తొట్టికి దిక్కు కుదిరినా మనుషులకు కుదరదు. ఐదారుగురు గుండ్రంగా కూర్చునే చోట ఎవరో ఒకరు దక్షిణముఖంగా కూర్చోక తప్పదు. ఆ స్థానం అల్లుడిగారికి ఇవ్వరాదు, వియ్యంకుడిగారికి అసలే ఇవ్వరాదు, కాబట్టి అప్పడగడానికి వచ్చిన దూరపు బంధువు కోసం అది శాశ్వతంగా కేటాయించబడుతుంది. ప్రారంభం నాటి గంగపూజలో వేసిన పసుపు, కుంకుమ, పాలు, పూరేకులు కార్ట్రిజ్ ఫిల్టరులో, అంటే నీటిలోని మడ్డిని పట్టే మడతల వడపోత గుడ్డలో, చిక్కుకొని ఆ సాయంత్రానికే పంపుకు ఊపిరాడకుండా చేస్తాయి. ఇక ఎంగిలి గ్లాసును వేలితో తాకని ఇంట్లో, పదిమంది చెమటోడ్చిన నీటిలోనే మూడు నెలల పాటు పదకొండో మనిషి మెడలోతు మునగడానికి ఏ మడీ అడ్డురాకపోవడం ఆచార పరిశోధకులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం.

ఇన్ని దిక్కులూ విచారించిన కుటుంబానికి శ్లాబు మోస్తుందా లేదా అన్న దిక్కు మాత్రం తోచదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండవ భాగం, లైవ్ లోడ్‌ను, అంటే కట్టడపు సొంత బరువు కాక దాని మీదికి వచ్చే మనుషుల, సామాను బరువును, నివాస గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలుగానూ, బాల్కనీకి 300 కిలోలుగానూ లెక్కగట్టమంటుంది. ముప్పావు మీటరు లోతు నీరు ఒక్కటే చదరపు మీటరుకు 750 కిలోలు తూగుతుంది; తొట్టి బరువూ మనుషుల బరువూ ఇందులో చేరలేదు. ఆ భారాన్ని ముందే ఊహించి ఉక్కూ కాంక్రీటూ పెంచి కట్టిన శ్లాబు సంగతి వేరు, గాలి నింపి ఉబ్బించే టబ్బును ఆన్‌లైన్‌లో తెప్పించి పాత అపార్ట్‌మెంటు బాల్కనీలో గొట్టంతో నీళ్లు నింపే మహానుభావుడి సంగతి వేరు. రెండవది సరదా కాదు, నేరపూరితమైన నిర్లక్ష్యం. కింది అంతస్తులో నిద్రపోయే కుటుంబాన్ని అడగకుండా వారి నెత్తిన టన్ను బరువు పెట్టే హక్కు ఏ సేల్ డీడూ ఎవరికీ ఇవ్వలేదు.

కరెంటు లెక్క చిన్నదే: 1,200 లీటర్లను 26 డిగ్రీల నుండి 39కి తేవడానికి సుమారు 18 యూనిట్లు చాలు. నీటి లెక్క కూడా పెద్దది కాదని అమ్మేవారు అంటారు, ఒక తొట్టి వరకు అది నిజమే. అయితే కృష్ణా నీటిని నూరు కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెచ్చుకునే నగరం, వేసవి రాగానే శివారు గ్రామాల బోర్లను తోడి ట్యాంకర్లకెత్తే నగరం, ఆ నీటిని బాల్కనీలో నురగలు కక్కించి చూపించుకోవడంలో సిగ్గుపడవలసినదేమీ లేదని చెప్పడం మాత్రం సహించరానిది.

నిర్వహణ అన్న మాట బ్రోషర్లలో కనబడదు. వెచ్చని నిలవ నీరు లీజియొనెల్లా అనే బాక్టీరియాకు పుట్టినిల్లు. అది నీటి తుంపరల ద్వారా ఊపిరితిత్తులకు చేరి ప్రాణాంతకమైన న్యుమోనియా తెస్తుంది. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్‌పెల్ పూల ప్రదర్శనలో అమ్మకం కోసం ఊరికే ఆడించి చూపిన తొట్టి నుండి లేచిన తుంపరలు పీల్చి కనీసం 32 మంది మరణించారు; దానిలో వారు మునగలేదు, పక్కగా నడిచి వెళ్లారు, అంతే. అందుకే ఫ్రీ క్లోరిన్, అంటే నీటిలో ఇంకా ఖర్చు కాక సూక్ష్మజీవులను చంపడానికి సిద్ధంగా ఉన్న క్లోరిన్, పది లక్షల భాగాలకు 3 భాగాలకు తగ్గకుండా, ఆమ్ల-క్షార స్థితిని తెలిపే పీహెచ్ 7.0 నుండి 7.8 మధ్య ఉండేలా అస్తమానం పరీక్షించి చూసుకోవాలి. వేడికీ ఎండకూ ఆ క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది గనుక ఆరుబయటి తొట్టికి ఈ కాపలా మరింత అవసరం. ఆ పరీక్ష చేసేది ఇంటి యజమాని కాదు, యజమానురాలూ కాదు. నెలకు కొంత జీతం కలిపి ఆ పనిని గిన్నెలు తోమే మనిషికో వాచ్‌మన్‌కో అప్పగిస్తారు, రసాయనం డబ్బా మీది హెచ్చరికను వారికి చదివి వినిపించే ఓపిక ఎవరికీ ఉండదు.

అసలు ప్రమాదం అక్కడ పొంచి ఉంది. బోరు నీటిలో కరిగి ఉన్న సున్నం వేడికి విడిపోయి హీటరుకూ నాజిళ్లకూ తెల్లగా గార కడుతుంది; ఆ గార వదిలించడానికి ఈ ఊళ్లో ప్రతి ఇంటికీ తెలిసిన సాధనం బాత్రూం యాసిడ్ సీసా. క్లోరిన్ రసాయనం మిగిలి ఉన్న తొట్టిలో ఆ యాసిడ్ పడితే వెలువడేది క్లోరిన్ వాయువు, 1915లో ఈప్ర యుద్ధరంగంలో జర్మన్ సైన్యం సైనికుల మీదికి వదిలినదదే. నడుములోతు తొట్టిలో వంగి, మూతికి గుడ్డయినా కట్టుకోకుండా రుద్దే మనిషికి ఆ వాయువును తప్పించుకునే దారి ఉండదు, ఎందుకంటే అది గాలికంటే బరువైనది, తొట్టి అడుగునే నిలుస్తుంది. నీటి రసాయన స్థితి సరిగా లేక హీటరు పాడైతే వారంటీ వర్తించదని తయారీదారులు తమను కాపాడుకోవడానికి మామూలుగా ఒక వాక్యం రాసుకుంటారు. యాసిడ్ సీసాతో తొట్టిలోకి దిగే మనిషిని కాపాడడానికి ఆ మాత్రం కాగితం కూడా ఎవరూ రాయలేదు.