ఆరు తీగలు, నాలుగు గుడ్లు

మా హాల్లో గోడకి వేలాడే గిటారు కొని నాలుగేళ్లయింది. దాని మీద నేను వాయించిన పాటలకంటే మార్చిన తీగలే ఎక్కువ. అంతా బెజవాడ ఉక్కపోత మహిమ. మే నెలలో ఒక్కపూట ముట్టుకుని వదిలేస్తే చాలు, వేళ్ల చెమటకి ఉక్కు తీగలు తుప్పుపట్టి కూచుంటాయి.

పోయిన ఆదివారం మళ్లీ ముహూర్తం పెట్టాను. బ్రిడ్జి మీద ఆరు పిన్నులుంటాయి, తీగ కొసనున్న బుడిపె బయటికి రాకుండా బిగించి పట్టేవి. ఐదు చేత్తోనే వచ్చాయి. ఆరోది మొండికేసింది. వంటింట్లోంచి పట్కారు తెచ్చి పీకితే టప్పున లేచి బీరువా కిందకి దూరింది. అమ్మే చీపురుతో లాగి ఇచ్చింది, "ఈ వీణకి ఇంత చాకిరీ ఏంట్రా?" అంటూ. అది వీణ కాదని చెప్పడం మానేసి మూడేళ్లయింది.

లావు తీగలు బుద్ధిగా ఎక్కాయి. కీ చుట్టూ రెండు మూడు చుట్లు, అంతే. అన్నిట్లోకీ సన్నదైన మొదటి తీగ, మందం 0.3 మిల్లీమీటర్లు, అదీ నా ప్రారబ్ధం. దానికి కావలసింది 'ఇ'. ట్యూనర్‌లో 'డి' కనబడగానే ఉత్సాహం ఆగక ఇంకాస్త తిప్పాను. 'ఎఫ్' అంది. వెనక్కి తిప్పితే పోయేది. కానీ దిగాల్సిన స్టాపు దాటినా, సిటీ బస్సు ఊరంతా తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది కదా! జి, ఏ, బి, సి, డి దాటితే ఇంకో 'ఇ' రాదా?

వస్తుంది. 330 హెర్ట్జ్‌ది కాదు, 660ది. శ్రుతి రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి. ఇంటర్‌లో ఈ సూత్రం బట్టీపట్టి మార్కులు కొట్టినవాణ్ణే. ట్యూనర్‌కేమో అక్షరాలొచ్చు గానీ స్థాయులు రావు. 'జి' దాటాక తీగ సన్నగా కీచుమంది. మొహం పక్కకి తిప్పుకునే బుద్ధి మాత్రం ఎలాగో పుట్టింది.

టంగ్!

"ఏమండీ, అయిందా కచేరీ?" వంటింట్లోంచి మా ఆవిడ.

సెట్టులో ఆ తీగ ఒక్కటే ఉంటుంది. ఆదివారం షాపు తీయరు. మిగిలిన ఐదింటినీ శ్రుతి చేశాను. కొత్త తీగలు కదా, టీ తాగొచ్చేలోపు సాగి దిగిపోయాయి. మళ్లీ చేశాను, మళ్లీ దిగాయి.

సాయంత్రం చూస్తే తెగిన తీగ కనబడలేదు. వంటింట్లో దొరికింది. పులుసులోకి ఉడికించిన గుడ్లని అమ్మ ఎప్పుడూ దారంతో కోస్తుంది. ఆ పూట నా మొదటి తీగని రెండు చేతులా పట్టుకుని లాగుతోంది. పచ్చసొన ఒక్క పలుకు రాలలేదు.

"దారంకంటే ఇదే నయంరా," అంది నాలుగో గుడ్డు కోస్తూ. "ఇది అరిగేలోపు ఇంకోటి తెంపుతావుగా?"